పై గాలికి వేడి ఎక్కడిది?

1979 జూలైలో తెలుగు పల్లెల్లో ఏ రచ్చబండ దగ్గర చూసినా ఒకటే మాట: స్కైలాబ్ పడుతుందట. ఎక్కడ పడుతుందో, ఎవరి నెత్తిన పడుతుందో ఎవరికీ తెలియదు. ఎలాగూ పోయే ప్రాణాలే కదా అని కోళ్లూ మేకలూ కోసుకు తిన్నవాళ్లున్నారు. ఆ రోజుల్లో పుట్టిన పిల్లలకు ఆ పేరే పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. 2021లో ఆ భయాన్నే కథగా చేసుకుని 'స్కైలాబ్' అనే తెలుగు సినిమా వచ్చింది. చివరికి జూలై 11న ఆ అమెరికా అంతరిక్ష కేంద్రం హిందూ మహాసముద్రం మీద విరిగి ముక్కలైంది. కొన్ని శకలాలు పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఎస్పెరెన్స్ పరిసరాల్లో పడ్డాయి. ఎవరికీ గాయం కాలేదు.

నిజానికి అది అంత తొందరగా పడాల్సింది కాదు. 1973 మే 14న భూమికి దాదాపు 430 కిలోమీటర్ల ఎత్తుకు చేరిన స్కైలాబ్ నుంచి చివరి వ్యోమగాములు 1974 ఫిబ్రవరిలో దిగిపోయారు. ఆ తర్వాత కూడా అది 1980ల తొలినాళ్ల దాకా పైనే ఉంటుందని, ఈలోగా కొత్తగా తయారవుతున్న స్పేస్ షటిల్‌ను పంపి ఇంకా పైకి నెట్టవచ్చని నాసా అనుకుంది. షటిల్ ఆలస్యమై 1981 ఏప్రిల్‌లో గాని ఎగరలేదు. సూర్యుడు మాత్రం ఆలస్యం చేయలేదు. 1970ల చివర సూర్యమచ్చలు అంచనాలను మించి పెరిగాయి. వాటితో పాటే పెరిగిన సూర్యుడి శక్తికి భూమి ఎగువ వాతావరణం వేడెక్కి, ఉబ్బి, స్కైలాబ్ తిరుగుతున్న ఎత్తుకు మరింత గాలిని తెచ్చింది. ఆ గాలి రాపిడికే అంత పెద్ద కేంద్రం కిందికి దిగిపోయింది.

నాలుగు వందల కిలోమీటర్ల ఎత్తున గాలి ఉంటుందా? అది వేడెక్కడమేమిటి? ఆ వేడి ఎక్కడిది? ఈ ప్రశ్నలకు జవాబులు వెతుకుతూ పోతే దారి భూమి దగ్గర ఆగదు. శుక్రుడు, అంగారకుడు, గురుడు, శని, యురేనస్, నెప్ట్యూన్ దాకా వెళ్లాల్సి వస్తుంది. ఒక్కో గ్రహం ఒక్కో జవాబు చెబుతుంది.

సూర్యకాంతిలో ఒక చిన్న భాగం

భూమికి దాదాపు 90 కిలోమీటర్ల పైన మొదలై ఐదారు వందల కిలోమీటర్ల దాకా ఉండే పొరను ఉష్ణావరణం అంటారు. అక్కడి ఉష్ణోగ్రత సూర్యుడు నెమ్మదిగా ఉన్న కాలంలో నాలుగైదు వందల డిగ్రీల సెల్సియస్ ఉంటే, ఉధృతంగా ఉన్న కాలంలో వెయ్యి డిగ్రీలు దాటుతుంది. అయినా ఆ వేడికి ఉపగ్రహాలు కరిగిపోవు. దీపావళి నాడు కాకరపువ్వొత్తి రవ్వలు చేతి మీద పడినా చెయ్యి కాలదు. రవ్వ ఉష్ణోగ్రత చాలా ఎక్కువే గాని అందులో ఉన్న పదార్థం అణుమాత్రం. ఉష్ణావరణం సంగతీ అంతే. అక్కడ ఒక్కో అణువు మహా వేగంగా పరిగెడుతుంది, కానీ అణువులే బహు కొద్ది.

ఆ అణువులను పరిగెత్తించే మొదటి శక్తి సూర్యుడిదే. అయితే మన కంటికి కనిపించే వెలుగుకు ఇందులో పాత్ర దాదాపు లేదు. ఆ వెలుగు పై గాలిని తాకకుండానే దాటి నేలను చేరుతుంది. పైనే ఆగిపోయేవి తీవ్ర అతినీలలోహిత కిరణాలు, ఎక్స్ కిరణాలు. భూమి దగ్గర చదరపు మీటరుకు అందే సౌరశక్తి మొత్తం 1361 వాట్లయితే, తీవ్ర అతినీలలోహిత కిరణాల వాటా కొన్ని మిల్లీవాట్లు మాత్రమే. అంటే లక్షల్లో ఒక వంతు. అంత చిన్న వాటా మీదే ఆ పై లోకమంతా నడుస్తుంది.

ఆ శక్తి వేడిగా ఎలా మారుతుందో ఒక్క కిరణాన్ని వెంబడించి చూద్దాం. సూర్యుడి బయటి పొరల్లోని హీలియం నుంచి 30.4 నానోమీటర్ల తరంగదైర్ఘ్యంతో ఒక ఫోటాన్ బయలుదేరింది. దాని శక్తి దాదాపు 41 ఎలక్ట్రాన్ వోల్టులు. ఎనిమిది నిమిషాల్లో భూమి పై గాలిలోకి వచ్చి ఒక ఆక్సిజన్ పరమాణువును ఢీకొంది. ఆ పరమాణువు నుంచి ఎలక్ట్రాన్‌ను పీకడానికి 13.6 ఎలక్ట్రాన్ వోల్టులు చాలు. మిగిలిన 27 ఎలక్ట్రాన్ వోల్టులను ఆ ఎలక్ట్రానే పట్టుకుపోతుంది. అది దారిలో మరో పరమాణువును ఢీకొని ఇంకో ఎలక్ట్రాన్‌ను ఊడబెరుకుతుంది, కొన్నింటిని రెచ్చగొట్టి వెలిగిస్తుంది, చివరికి నెమ్మదించి తన శక్తిని చుట్టూ ఉన్న వాటికి పంచేస్తుంది. విడిపోయిన అయాన్లు, ఎలక్ట్రాన్లు మళ్లీ కలిసేటప్పుడు ఇంకొంత శక్తి విడుదలవుతుంది. ఇన్ని చేతులు మారాక తొలి ఫోటాన్ శక్తిలో సుమారు మూడో వంతు నుంచి సగం దాకా గాలికి వేడిగా మిగులుతుంది. తక్కినది కాంతిగా అంతరిక్షంలోకి వెళ్లిపోతుంది, లేదా విడిపోయిన అణువుల్లో రసాయన శక్తిగా దాగుతుంది.

ఈ పనిలో పుట్టిన ఎలక్ట్రాన్ల పొరే అయనావరణం. 1901లో మార్కోనీ రేడియో సంకేతం అట్లాంటిక్ దాటడానికి తోడ్పడింది ఇదే. 1924లో ఎడ్వర్డ్ ఆపిల్టన్ దీని ఉనికిని ప్రయోగంతో రుజువు చేసి 1947లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. సరిగ్గా అదే ఏడు కలకత్తాలో శిశిర్ కుమార్ మిత్ర రాసిన 'ది అప్పర్ అట్మాస్ఫియర్' వెలువడింది. అప్పటికి పై గాలి గురించి ప్రపంచానికి తెలిసిన సంగతులన్నీ ఒకచోట కూర్చిన గ్రంథమది.

సూర్యమచ్చలు పెరిగి తగ్గే పదకొండేళ్ల చక్రంలో సూర్యుడి వెలుగు మొత్తం మీద వెయ్యింట ఒక వంతు మాత్రమే మారుతుంది. తీవ్ర అతినీలలోహిత కిరణాలు మాత్రం అదే చక్రంలో రెండింతలు, అంతకు పైన కూడా పెరుగుతాయి. అందుకే నేల మీద మనకు ఏ తేడా తెలియని ఏళ్లలోనే 400 కిలోమీటర్ల ఎత్తున గాలి సాంద్రత పదింతల వరకు పెరిగిపోతుంది. స్కైలాబ్‌ను దింపింది ఈ తేడానే.

ధ్రువాల దారిన వచ్చే శక్తి

రెండో శక్తి కూడా సూర్యుడి నుంచే వస్తుంది గాని వెలుగు రూపంలో కాదు. సూర్యుడు ఎడతెగకుండా ప్రోటాన్లను, ఎలక్ట్రాన్లను సెకనుకు దాదాపు 400 కిలోమీటర్ల వేగంతో వెదజల్లుతుంటాడు. దీన్ని సౌరపవనం అంటారు. భూమి అయస్కాంత క్షేత్రం దీన్ని చాలావరకు పక్కకు తప్పిస్తుంది. అయినా కొంత శక్తి ఆ క్షేత్రంలోనే పోగుపడి, బలరేఖల వెంట జారి ధ్రువాల చుట్టూ ఉన్న వలయాల్లోకి దిగుతుంది. ధ్రువకాంతులు వెలిగేది ఆ వలయాల్లోనే.

నార్వే శాస్త్రవేత్త క్రిస్టియన్ బిర్కెలాండ్ ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలోనే ఈ సంగతి పసిగట్టాడు. గాలి తీసేసిన గాజు పెట్టెలో అయస్కాంతపు గోళాన్ని వేలాడదీసి, దాని మీదికి ఎలక్ట్రాన్లను పంపితే గోళం ధ్రువాల చుట్టూ వెలుగు వలయాలు ఏర్పడ్డాయి. అంతరిక్షం నుంచి బలరేఖల వెంట విద్యుత్తు కిందికి ప్రవహిస్తుందన్న ఆయన మాటను చాలామంది ఒప్పుకోలేదు. 1960లలో ఉపగ్రహాలు అక్కడికే వెళ్లి కొలిచాక ఆయన చెప్పిందే నిజమని తేలింది. అప్పటికి ఆయన చనిపోయి అర్ధశతాబ్దం కావస్తోంది.

కళ్లకు కనిపించే ధ్రువకాంతి కన్నా, కనిపించని విద్యుత్తు ఇచ్చే వేడే ఎక్కువ. విద్యుత్ క్షేత్రం అయాన్లను ఒక దిక్కుకు లాగుతుంది. విద్యుదావేశం లేని మామూలు గాలి కదలదు. అయాన్లు ఆ గాలిని రాసుకుంటూ, గుద్దుకుంటూ పోతాయి. ఆ రాపిడిలో పుట్టే వేడిని జూల్ తాపనం అంటారు. మామూలు రోజుల్లో భూమి ఉష్ణావరణానికి అందే శక్తిలో మూడు వంతులకు పైగా సూర్యకిరణాలదే. పెద్ద సౌర తుఫాను వచ్చిన రోజు లెక్క తారుమారై, ధ్రువాల దారిన వచ్చే శక్తే పైచేయి అవుతుంది.

2022 ఫిబ్రవరి 3న స్పేస్ఎక్స్ సంస్థ 49 స్టార్‌లింక్ ఉపగ్రహాలను మొదట 210 కిలోమీటర్ల ఎత్తుకు పంపింది. మరునాడు వచ్చిన అయస్కాంత తుఫాను పెద్దదేమీ కాదు. దానికే పై గాలి చిక్కబడి రాపిడి పెరిగింది. 38 ఉపగ్రహాలు పైకి వెళ్లలేక వాతావరణంలోకి తిరిగి దిగి కాలిపోయాయి. 2024 మే 10, 11 తేదీల్లో వచ్చిన తుఫాను అంతకు ఎన్నో రెట్లు పెద్దది. ఆ రాత్రి లద్దాఖ్‌లోని హాన్లే ఖగోళ పరిశోధనాలయం దగ్గర ఉత్తరాకాశం ఎర్రబారింది. రెండు వందల కిలోమీటర్లకు పైన ఆక్సిజన్ పరమాణువులు 630 నానోమీటర్ల ఎరుపులో వెలిగే కాంతి అది. ఆ ఎరుపు బాగా ఎత్తున పుడుతుంది కాబట్టే, ధ్రువకాంతి ఎంతో ఉత్తరాన ఉన్నా దాని పైకొస భారతదేశం నుంచి కనిపించింది. శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరు 2న బయలుదేరి, భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరాన కాపలా కాస్తున్న ఆదిత్య ఎల్1 ఆ సౌర కణాలను దారిలోనే కొలిచింది.

కింది నుంచి పైకి

మూడో శక్తి సూర్యుడి నుంచి నేరుగా రాదు. మన కాళ్ల కింది నుంచి పైకి వెళ్తుంది.

కొండను దాటే గాలి, ఉరుముల మబ్బు, రుతుపవనాల జోరు, ఇవన్నీ గాలిలో అలలు లేపుతాయి. వీటిని వాతావరణ గురుత్వ తరంగాలు అంటారు. కృష్ణబిలాలు ఢీకొన్నప్పుడు పుట్టే గురుత్వాకర్షణ తరంగాలతో వీటికి సంబంధం లేదు. నేల నుంచి వంద కిలోమీటర్లు ఎక్కేసరికి గాలి సాంద్రత పది లక్షల వంతుకన్నా తక్కువకు పడిపోతుంది. అల మోసే శక్తి తగ్గకుండా ఉండాలంటే, పలచబడే గాలి అంతకంతకూ ఎక్కువగా ఊగాలి. కింద సెకనుకు ఒక్క సెంటీమీటరు వేగంతో ఊగే అల, దారిలో శక్తి కోల్పోకపోతే, వంద కిలోమీటర్ల ఎత్తుకు చేరేసరికి సెకనుకు పది మీటర్లు దాటి ఊగుతుంది. ఒక హద్దు దాటాక ఆ అల తీరం చేరిన కడలి కెరటంలా విరిగి, తన శక్తిని అక్కడి గాలికి అప్పగిస్తుంది. 1960లో కాలిన్ హైన్స్ ఈ లెక్కను స్పష్టంగా వేసి చూపించాడు.

ఈ అలలను దశాబ్దాలుగా కనిపెడుతున్న చోటు తిరుపతి దగ్గరే ఉంది. గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో 1024 యాగీ యాంటెనాలు ఒకే మైదానంలో వరుసలు తీరి ఉంటాయి. 53 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే ఆ ఎంఎస్‌టీ రాడార్, ఆకాశం నుంచి తిరిగివచ్చే బహు బలహీనమైన ప్రతిధ్వనిని పట్టి, ఏ ఎత్తున గాలి ఎటు ఎంత వేగంతో కదులుతోందో చెబుతుంది. రుతుపవన మేఘాలు లేపే అలలు పైకి ఎలా పాకుతాయో అక్కడి కొలతల వల్ల మనకు చాలా తెలిసింది.

ఇంకా పెద్ద ఉదాహరణ 2022 జనవరి 15న దొరికింది. పసిఫిక్ సముద్రంలో టోంగా దగ్గర హుంగా అగ్నిపర్వతం పేలినప్పుడు పుట్టిన అలలు ప్రపంచమంతటా అయనావరణాన్ని కదిలించాయి. సముద్రం అడుగున పేలిన కొండ జాడ అంతరిక్షం అంచున కనిపించింది.

సూర్యుడికి దగ్గరైనా చల్లగా

దూరాన్ని బట్టే వేడి ఉంటుందనుకుంటే శుక్రగ్రహం ఆ లెక్కను చెడగొడుతుంది. శుక్రుడి మీద పడే సూర్యకాంతి భూమి మీద పడేదానికి దాదాపు రెట్టింపు. నేల మీద 460 డిగ్రీల వేడి. అయినా అక్కడి ఉష్ణావరణంలో పగటివేళ ఉష్ణోగ్రత మన గదిలో ఉన్నంతే, 27 డిగ్రీలకు అటూ ఇటూ. రాత్రి వైపు అది మైనస్ 170 డిగ్రీల దాకా పడిపోతుంది. 1978లో శుక్రుడిని చేరిన పయొనీర్ వీనస్ నౌక దీన్ని కొలిచాక, ఆ రాత్రి పొరను శాస్త్రవేత్తలు ఉష్ణావరణం అనడం మాని శీతలావరణం అనసాగారు.

కారణం కార్బన్ డయాక్సైడ్. శుక్రుడి గాలిలో 96 శాతం అదే. ఆక్సిజన్ పరమాణువులు వచ్చి గుద్దినప్పుడు కార్బన్ డయాక్సైడ్ అణువు వంగి ఊగుతుంది. ఆ ఊపును 15 మైక్రోమీటర్ల పరారుణ కిరణంగా మార్చి అంతరిక్షంలోకి పంపేస్తుంది. కింద గాలి చిక్కగా ఉన్నచోట ఆ కిరణం పక్క అణువుకు చిక్కి మళ్లీ మళ్లీ లోపలే తిరుగుతుంది, అందుకే కింద వేడి. పైన గాలి పలచన, అడ్డుకునేవారు లేరు, అందుకే పైన చలి. ఒకే వాయువు ఒకే గ్రహం మీద కింద కొలిమినీ పైన మంచునూ తయారు చేస్తుంది.

అంగారకుడి పై గాలి కూడా ఈ వాయువు వల్లే చల్లగా ఉంటుంది. కానీ ఆ గ్రహానికి మరో చిక్కుంది. మొత్తం గ్రహాన్ని కాచే అయస్కాంత క్షేత్రం అక్కడ దాదాపు నాలుగు వందల కోట్ల ఏళ్ల కిందటే చల్లారిపోయింది. సౌరపవనం నేరుగా పై గాలిని తాకి అయాన్లను ఊడ్చుకుపోతోంది. 2014 సెప్టెంబరులో రెండు రోజుల తేడాతో రెండు నౌకలు అంగారకుడిని చేరాయి: నాసా మావెన్, శ్రీహరికోట నుంచి వెళ్లిన మంగళయాన్. ఆ గ్రహం సెకనుకు సుమారు వంద గ్రాముల వాయువును అంతరిక్షానికి పోగొట్టుకుంటోందని, సౌర తుఫాను వేళల్లో అది బాగా పెరుగుతోందని మావెన్ తేల్చింది. ఒకప్పుడు అక్కడున్న ఆర్గాన్‌లో మూడింట రెండు వంతులు ఇలా పోయిందని 2017లో ఆ బృందం లెక్కగట్టింది. మంగళయాన్ మోసుకెళ్లిన మెంకా పరికరం అదే గ్రహపు బాహ్యావరణంలో, ఆ ఎత్తుకు ఉండాల్సిన వేడిని మించిన శక్తితో తిరిగే ఆర్గాన్ పరమాణువుల జాడ పట్టింది. నదులు పారిన ఆనవాళ్లున్న గ్రహం ఎడారి ఎలా అయిందన్న ప్రశ్నకు జవాబులో పెద్ద భాగం ఆ పై పొరలోనే ఉంది.

గురుగ్రహపు చిక్కుముడి

గురుడు సూర్యుడికి భూమికన్నా ఐదు రెట్లు దూరం. అక్కడ పడే ఎండ మన ఎండలో పాతికో వంతు కూడా ఉండదు. ఆ ఎండ ఒక్కటే ఆధారమైతే గురుడి ఎగువ వాతావరణం మైనస్ 73 డిగ్రీల దగ్గర ఉండాలి. కొలిస్తే 400 డిగ్రీలు దాటింది. శని, యురేనస్, నెప్ట్యూన్‌ల దగ్గరా ఇదే తంతు. దాదాపు అర్ధశతాబ్దం పాటు గ్రహ శాస్త్రవేత్తలు దీన్ని 'శక్తి సంక్షోభం' అనే పిలుచుకున్నారు.

వేడి పుట్టే చోటు ఒకటి ముందు నుంచీ తెలుసు. గురుడి ఉపగ్రహం అయో నిండా అగ్నిపర్వతాలే. దాని నుంచి సెకనుకు సుమారు ఒక టన్ను గంధకం, ఆక్సిజన్ అంతరిక్షంలోకి చేరి విద్యుదావేశం పొందుతాయి. గురుడు పది గంటలకు ఒక చుట్టు తిరుగుతూ, తన అయస్కాంత క్షేత్రంతో ఆ పదార్థాన్నంతా తనతో పాటు ఈడ్చుకు తిప్పాలని చూస్తాడు. ఆ ఈడ్పులాటలో పుట్టిన భారీ విద్యుత్ ప్రవాహాలు ధ్రువాల మీదికి దిగుతాయి. అక్కడి ధ్రువకాంతి సౌరమండలంలోకెల్లా బలమైనది, అదీ ఎప్పుడూ ఆరదు. గ్రహం తిరుగుడు వేగమే అక్కడ వేడిగా మారుతుందన్నమాట.

అయితే ఆ వేడి ధ్రువాల దగ్గరే ఉండిపోవాలి కదా? అంత వేగంగా తిరిగే గ్రహం మీద గాలులు తూర్పు పడమరలుగా వీస్తాయి. ధ్రువాల వేడిని భూమధ్యరేఖ దాకా పోనివ్వవని కంప్యూటర్ నమూనాలు చెప్పాయి. మరి భూమధ్యరేఖ దగ్గర కూడా వేడి ఎందుకుంది? 2016లో జేమ్స్ ఓడొనహ్యూ బృందం గురుడి పెద్ద ఎర్రమచ్చ పైన 1300 డిగ్రీల వేడిని కనిపెట్టి, కింది తుఫాను లేపే అలలే అందుకు కారణం కావచ్చని సూచించింది.

ఆ తర్వాత అదే శాస్త్రవేత్త హవాయిలోని కెక్ దూరదర్శినితో గ్రహమంతటి ఉష్ణోగ్రత పటం గీశాడు. మూడు ప్రోటాన్లు రెండు ఎలక్ట్రాన్లను పంచుకునే ఒక హైడ్రోజన్ అయాన్ గురుడి పై గాలిలో పరారుణ కాంతితో వెలుగుతుంది. ఆ వెలుగే అక్కడ థర్మామీటరు. 2021లో 'నేచర్' పత్రికలో వచ్చిన ఆ పటంలో ఉష్ణోగ్రత ధ్రువాల దగ్గర అత్యధికంగా ఉండి, భూమధ్యరేఖ వైపు మెట్టు మెట్టుగా దిగింది. అంటే నమూనాలు కాదన్నా, ధ్రువకాంతి వేడి గ్రహమంతటా పాకుతోంది. సౌరపవనం ఒత్తిడి పెరిగిన ఒక రాత్రి, ధ్రువకాంతి వలయం నుంచి వేడి గాలి పట్టీ ఒకటి భూమధ్యరేఖ వైపు కదులుతున్నట్టు కూడా ఆ బృందానికి కనిపించింది. శని దగ్గర 2017 సెప్టెంబరులో కథ ముగించిన కసీని నౌక చివరి చుట్లలో చేసిన కొలతలూ ఇదే చెప్పాయి: అక్కడా ధ్రువకాంతి అక్షాంశాల దగ్గరే వేడి ఎక్కువ.

ఇంకా దూరాన ఉన్న రెండు గ్రహాలు మరో వింత చూపిస్తున్నాయి. 1986లో వోయేజర్ 2 దాటిపోయినప్పటి నుంచి యురేనస్ పై గాలి చల్లబడుతూ వచ్చి, ఉష్ణోగ్రత దాదాపు సగానికి తగ్గింది. అదే దశాబ్దాల్లో సౌరపవనం బలహీనపడింది కాబట్టి కారణం అదేనని ఇటీవలి పరిశోధన వాదిస్తోంది. నెప్ట్యూన్ ధ్రువకాంతులను జేమ్స్ వెబ్ దూరదర్శిని తొలిసారి స్పష్టంగా పట్టిన ఫలితాలు 2025లో వెలువడ్డాయి. 1989తో పోలిస్తే ఆ గ్రహపు పై గాలీ వందల డిగ్రీలు చల్లబడింది.

మళ్లీ మన గ్రహానికి

ఈ గ్రహాలన్నీ కలిసి చెప్పేది ఒకటే. పై గాలి ఉష్ణోగ్రత సూర్యుడి నుంచి దూరాన్ని బట్టి తేలదు. ఏ దారిన ఎంత శక్తి వస్తోంది, ఏ అణువు దాన్ని ఎంత త్వరగా వెళ్లగొడుతోంది అన్న రెండు సంగతులే దాన్ని నిర్ణయిస్తాయి. శుక్రుడి దగ్గర నేర్చిన ఈ పాఠం భూమికి సూటిగా వర్తిస్తుంది. ఎందుకంటే మనం గాలిలోకి వదులుతున్నది అదే కార్బన్ డయాక్సైడ్.

పారిశ్రామిక యుగానికి ముందు పది లక్షల అణువుల్లో 280 ఉన్న ఆ వాయువు ఇప్పుడు 420 దాటింది. దాని వల్ల నేల వేడెక్కుతుందని అందరికీ తెలుసు. ఎగువ వాతావరణం చల్లబడి కుంచించుకుపోతుందని 1989లోనే రోబుల్, డికిన్సన్ అనే శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. దశాబ్దాల ఉపగ్రహ కక్ష్యల లెక్కలు దాన్ని నిజం చేశాయి: 400 కిలోమీటర్ల ఎత్తున గాలి సాంద్రత పదేళ్లకు రెండు మూడు శాతం చొప్పున తగ్గుతోంది.

తగ్గితే ఉపగ్రహాలకు మంచిదే కదా అనిపిస్తుంది. పనిచేసే ఉపగ్రహానికి మంచిదే. కానీ పనికిరాని ఉపగ్రహాలను, రాకెట్ ముక్కలను కిందికి లాగి కాల్చేసి కక్ష్యలను శుభ్రం చేసేది ఆ పలచని గాలే. అది ఇంకా పలచబడితే చెత్త మరిన్ని ఏళ్లు పైనే తిరుగుతుంది, ఢీకొనే ప్రమాదం పెరుగుతుంది. 2030 నుంచి కక్ష్యలో చెత్త మిగల్చని ప్రయోగాలే చేయాలని ఇస్రో 2024లో లక్ష్యం పెట్టుకుంది. ఉపగ్రహాన్ని పంపే ప్రతి దేశమూ, ప్రతి సంస్థా దాన్ని దింపే ఏర్పాటు కూడా ముందే చేసి పంపాలి. ఆ పని ఇకముందు గాలి ఒక్కటే చేసిపెట్టలేదు.